పదో వంతు, పిడికెడు బియ్యం

(వర్ధన్నపేటలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం పెట్టుకున్నామో ఆ పెద్దాయన చాలా ఏండ్లు సంఘం లెక్కలు రాశాడు. తన గురించి పొగడ్తలు వద్దని ఇంట్లోవాళ్ళకు చెప్పి పోయాడట. అందుకని ఆయన పేరు పక్కన పెట్టి, ఆయన్ను చివరిదాకా విడవని విషయం మాట్లాడతాను. విశ్వాసి సంఘానికి ఇచ్చేది లెక్క ప్రకారం చెల్లించాల్సిన పదో వంతా, తన మనసులో నిశ్చయించుకుని ఇచ్చే కానుకా?

ఇది పుస్తకాల్లో ప్రశ్న కాదు. వర్ధన్నపేట చుట్టుపక్కల ఏ మందిరానికి పోయినా వినపడుతుంది. ఒక సంఘంలో దశమ భాగం కవర్లు పంచుతారు. కవరు మీద కుటుంబం పేరు, నెల. పక్క సంఘంలో ఆదివారం కానుకల సంచి తిప్పితే చాలంటారు. ఇంకోచోట ఎవరెంత ఇచ్చారో బోర్డు మీద రాస్తారు. ఆ బోర్డు చూసి మందిరానికి రావడం మానుకున్న కుటుంబాలు నాకు తెలుసు. ఏ సంఘమో చెప్పను. అది ఒక్కచోటి సంగతి కాదు కూడా.

నా అభిప్రాయం ముందే చెప్తాను. పదో వంతును పన్నులాగా అడిగే హక్కు ఏ సంఘానికీ లేదు. అట్లాగని, నెలకు లక్ష జీతం తీసుకుంటూ కానుకల సంచిలో పది రూపాయల నోటు వేసి, ‘ఇష్టపూర్వకంగా ఇయ్యమన్నారు కదా’ అనే విశ్వాసి పక్షాన కూడా నేను నిలబడను.

ఇలాంటి మాటను వాక్యంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను కల్లం కాడ మొదలుపెడతాను. ఎందుకంటే మన సంఘాల్లో ఎక్కువమంది తాతముత్తాతలు కానుక సంగతి తెలియకముందే వాటా సంగతి కల్లంలో తెలుసుకున్నారు. నూర్పిడి అయి వడ్లు రాశి పోశాక ఊరంతా దాని చుట్టూ చేరేది. కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి, మాదిగ, మాల, ఏడాది పొడుగునా చేసిన పనికి అక్కడే మేర కొలిపించుకునేవాళ్ళు. కొలిచే చెయ్యి ఆసామిది. పట్టిన కొంగు మనవాళ్ళది. నిండుగా కొలుస్తాడా, తగ్గించి కొలుస్తాడా అన్నది ఆ పూట ఆయన మనసును బట్టి. అడగడానికి నోరు ఉండేది కాదు.

అదే కల్లం మీద దొరల నజరానాలూ పడ్డాయి, నిజాం సర్కారు లెవీ గల్లా కూడా పడ్డది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రైతు ఇంట్లో తినడానికి గింజలు మిగిలాయా లేదా అని చూడకుండా లెవీ వసూలు చేశారు. మన పక్కనున్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది తాను కౌలుకు పట్టి పండించిన పంట కోసమే. నీ పంటలో ఇంత నాది అని పైనుంచి ఎవరైనా అంటే ఈ నేల మీద మనుషులకు ఏం గుర్తొస్తుందో, వేదిక ఎక్కి దశమ భాగం గురించి మాట్లాడేవాళ్ళు ఒకసారి ఆలోచించాలి.

సువార్త ఈ ప్రాంతానికి ఇట్లాంటి రోజుల్లోనే వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లౌరిడ్జ్ 1879లో హనుమకొండలో మిషన్ పెట్టాడు. దానికి ఒక్క ఏడాది ముందు, 1878 జూలై 3న, ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అది 1876-78 మహా కరువు వెనువెంటనే. జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత దూరం తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని కరువు బాధితులకు కూలి ఇప్పించాడు. తిండి కోసం కలిశారన్న నింద వస్తుందని తెలిసే, కరువు సాయం సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపాడు. అయినా నింద ఆగలేదు. బియ్యం కోసం మతంలో కలిసినవాళ్ళు అన్న మాట మన పెద్దలు బడిలో, బజార్లో, బావి కాడ పడ్డారు. ఇప్పటికీ పడుతున్నాం.

ఆ నిందకు జవాబు పుస్తకాల్లో దొరకదు, మన నాయనమ్మల వంటింట్లో దొరుకుతుంది. మనకు తూర్పున ఉన్న దోర్నకల్ సంగతి చూడండి. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని దోర్నకల్ ప్రాంతంలో పని మొదలుపెట్టారు. దాన్ని నడిపిన వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు, ఇంట్లో రూపాయి బిళ్ళ కనపడని మనుషులు. వాళ్ళ దగ్గర కానుక ఎట్లా అడగాలి? అడగకపోవడమే దయ అని చాలామంది విదేశీ మిషనరీలు అనుకున్నారు. అజరయ్య అట్లా అనుకోలేదు. ఇవ్వడం బీదవాళ్ళకు కూడా దక్కాలన్నాడు. క్రైస్తవుల ఈవి గురించి ఒక చిన్న పుస్తకమే రాశాడు.

దోర్నకల్‌లోనూ, ఇంకా ఎన్నో తెలుగు సంఘాల్లోనూ నడిచిన పద్ధతి పిడికెడు బియ్యం. పొయ్యి మీద ఎసరు పెట్టి, చాటలో బియ్యం చెరిగి, రాళ్ళు ఏరి, కడగబోయే ముందు ఆ ఇంటి ఆడమనిషి ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేస్తుంది. వేసేటప్పుడు ఒక చిన్న ప్రార్థన. ఆదివారానికి కుండలో చేరింది కొంగున ముడేసుకుని మందిరానికి తెస్తుంది. అక్కడ అందరి బియ్యం ఒక గంపలో పోసి, మానికతో కొలిచి, ఉపదేశి ఇంటికి కొంత పంపి మిగతాది అమ్మి లెక్క రాస్తారు. కూలికి పోని రోజున కుండలో ఏమీ పడదు. అందుకు అడిగేవాళ్ళు లేరు. పడ్డ రోజున ఎంత పడిందో చూసేవాళ్ళూ లేరు, ఎవరి చెయ్యి వాళ్ళదే కాబట్టి.

ఇందులో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనపడేది ఒకటుంది. ఆమెకు భూమి లేదు, పట్టా లేదు, చేతిలో పైసా లేదు. కూలి డబ్బు కూడా మొగుడి చేతికే పోయేది. కానీ అన్నం వండే చెయ్యి ఆమెది. ఆ ఒక్క నిర్ణయం మొగుడినీ ఆసామినీ అడగకుండా ఆమె తీసుకోగలిగేది. తరతరాలుగా కల్లం కాడ కొంగు పట్టిన మనిషి ఇక్కడ ఇచ్చే మనిషి అయింది. బియ్యం కోసం కలిశారన్న మనుషులే రోజూ బియ్యం తీసి పెట్టారు. 1939 జనవరి 6న దోర్నకల్‌లో ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కెథడ్రల్‌ను, గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసిన ఆ కట్టడాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ మట్టికుండలు యాదికొస్తాయి. దేశానికి అటు చివర మిజోరంలో కూడా 1910 నుంచి ఇదే పద్ధతి ఉంది. అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘం ఈనాటికీ పిడికెడు బియ్యాన్ని వదలలేదు.

కోత పండుగ సంగతి కూడా చెప్పుకోవాలి. గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు, పసుపు కొమ్ములు, మిరపకాయలు, కాళ్ళు కట్టిన కోడిపుంజు బల్ల ముందు పెట్టి, ఆరాధన అయ్యాక వేలం పాడతారు. ఒక ముసలమ్మ తెచ్చిన సొరకాయకు, దాని విలువ తెలిసి కూడా, పాటను పెంచుకుంటూ పోయే పిల్లలుంటారు. ఆ ఉత్సాహం కవరు మీద పేరు రాసి పుట్టించలేం.

ఇక వాక్యం దగ్గరికి వద్దాం. దశమ భాగం వాక్యంలో లేదని ఎవరూ అనలేరు. అబ్రాహాము మెల్కీసెదెకుకు పదో వంతు ఇచ్చాడు, బేతేలులో యాకోబు మొక్కుకున్నాడు. ఆ రెండూ ధర్మశాస్త్రం రాకముందువి, ఎవరూ అడగకుండా ఇచ్చినవి. ధర్మశాస్త్రం వచ్చాక అది నియమం అయింది. అయితే ఆ నియమంలో ఏముందో మన ప్రసంగాల్లో సగమే చెప్తారు. లేవీయకాండం 27 అడిగింది భూమి మీద పండిన దానిలో, మందలో పుట్టిన దానిలో. కూలివాడి కూలిలో పదో వంతు తెమ్మని అక్కడ లేదు. సంఖ్యాకాండం 18 ప్రకారం అది లేవీయులకు పోయేది, వాళ్ళకు భూమి వాటా లేదు కాబట్టి. ఆ లేవీయులు కూడా తమకు వచ్చిన దానిలో పదో వంతు తీసి యాజకుడికి ఇవ్వాలి. ద్వితీయోపదేశకాండం 14 తెరిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ పదో వంతును కుటుంబమంతా దేవుని సన్నిధిలో కూర్చుని తినమంటుంది. దూరమైతే అమ్మి డబ్బు చేసుకుని, అక్కడికి పోయాక కొనుక్కుని తినమంటుంది. ప్రతి మూడో ఏట మాత్రం ఊళ్ళోనే నిలవచేసి లేవీయుడికి, పరదేశికి, తండ్రి లేని పిల్లలకు, విధవరాలికి పెట్టమంటుంది. ఏడో ఏడు భూమికే విశ్రాంతి, పంటే లేదు.

అంటే ఆ పదో వంతు తీసుకోవాల్సినవాళ్ళ వరసలో విధవరాలు ఉంది. మనం ఆమెను ఇవ్వాల్సినవాళ్ళ వరసలోకి మార్చాం.

మలాకీ మూడో అధ్యాయం పదో వచనం తెలుగు క్రైస్తవులకు నోటికి వస్తుంది. దశమ భాగాలు తెస్తే ఆకాశం తలుపులు తెరుచుకుంటాయన్నది ఆ వచనం. దానికి ఐదు వచనాల ముందు అదే ప్రవక్త నోట దేవుడు ఎవరి మీద సాక్ష్యం చెప్తానన్నాడో మనం ఎందుకు కంఠతా పట్టలేదు? కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్ళ మీద, విధవరాళ్ళనూ తండ్రి లేనివాళ్ళనూ బాధపెట్టేవాళ్ళ మీద. మార్కు సువార్తలో రెండు కాసులు వేసిన బీద విధవరాలి కథ కూడా అంతే. దానికి రెండు వచనాల ముందు యేసు ప్రభువు, విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగే శాస్త్రులను తిట్టాడు. ఆ రెండు మాటలూ ఒకే చోట, ఒకే రోజున చెప్పినవి. ముందుది వదిలేసి వెనకది చదివి సంచి తిప్పితే మనం ఏ పక్కన నిలబడినట్టు?

ప్రభువు దశమ భాగాన్ని కొట్టేశాడా అని అడుగుతారు. లేదు. మత్తయి 23లో పుదీనా, సోపు, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కపెట్టే పరిసయ్యులతో, దాన్ని మానొద్దు గానీ న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ వదిలేశారన్నాడు. మాట ధర్మశాస్త్రం కింద ఉన్నవాళ్ళతో. సంఘాలకు రాసిన పౌలు ఏ పత్రికలోనూ పదో వంతు అడగలేదు. కొరింథువాళ్ళకు ఆదివారం నాడు ఎవరు వర్ధిల్లిన కొద్దీ వాళ్ళు తీసి పెట్టమన్నాడు, సణుక్కుంటూ ఇవ్వొద్దన్నాడు, ఒత్తిడికి లొంగి ఇవ్వొద్దన్నాడు. ఆ వసూలు కూడా తన జీతానికి కాదు, యెరూషలేములో ఉన్న బీదలకు. తొలి తరాల తర్వాత కూడా ఇదే దారి. రెండో శతాబ్దం చివర్లో తెర్తుల్లియను అనే క్రైస్తవ రచయిత తమ సంఘంలో నెలకొకసారి ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు ఇస్తారని, బలవంతం లేదని రాశాడు. దిదాఖే అనే అతి పాత క్రైస్తవ బోధ గ్రంథం ఇంకా కఠినంగా ఉంది. దేవుని పేరున తనకోసం డబ్బు అడిగే ప్రవక్తను నమ్మొద్దంటుంది. ప్రవక్త లేని ఊళ్ళో ప్రథమ ఫలాలు బీదలకు పెట్టమంటుంది.

పదో వంతు క్రైస్తవులకు చట్టమైంది చాలా తర్వాత. 585లో ఫ్రాన్సులోని మాకోన్ మహాసభ ఇవ్వనివాళ్ళను వెలివేస్తామంది. రెండు వందల ఏండ్ల తర్వాత రాజు షార్లమేన్ శాసనమే చేశాడు. అక్కణ్ణించి అది అచ్చంగా మన లెవీ గల్లానే. ఐర్లండ్‌లో కాథలిక్ రైతుల దగ్గర తమది కాని సంఘానికి పదో వంతు వసూలు చేస్తే 1830లలో రక్తం పారింది. ఫ్రాన్సులో విప్లవం వచ్చిన 1789లోనే దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు మనం వింటున్న దశమ భాగం బోధ ఎక్కువగా పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా సంఘాలు, సర్కారు సొమ్ము, బెంచీల అద్దెలు పోయాక, సంఘం ఖర్చుకు దారి వెతుక్కుంటూ మళ్ళీ పైకి తెచ్చినది. చెడ్డ ఉద్దేశంతో తెచ్చారని నేననను. కాథలిక్ సంఘం మాత్రం ఈనాడు పదో వంతును విశ్వాసుల మీద చట్టంగా పెట్టలేదు. సంఘం అవసరాలకు సాయపడటం బాధ్యత అంటుందంతే.

మన ఊళ్ళోకి వద్దాం. ఒక కౌలు రైతు పత్తి పెట్టాడనుకోండి. అమ్మితే అరవై వేలు వచ్చాయి. కౌలు, విత్తనాలు, మందులు, ఏరిన కూలి, వడ్డీ పోతే చేతిలో పది వేలు. దశమ భాగం అమ్మకం మీదనా, మిగులు మీదనా? అమ్మకం మీద అంటే ఆరు వేలు. ఆయనకు మిగిలేది నాలుగు వేలు. అది పదో వంతు కాదు, సగానికి పైన. మిగులు మీద అంటే, నష్టం వచ్చిన ఏడు ఏం తేవాలి? ఈ ప్రశ్న అడిగిన రైతును అవిశ్వాసి అన్న మాట నా చెవులతో విన్నాను. ఇంకో పక్క నెలకు పది వేల జీతగాడు వెయ్యి ఇస్తే ఇంటికి తొమ్మిది వేలు. లక్ష జీతగాడు పది వేలు ఇస్తే ఇంటికి తొంభై వేలు. ఇద్దరిదీ పదో వంతే. ఇద్దరి త్యాగం ఒకటి కాదు. లక్ష వచ్చే మనిషికి పదో వంతు చాలా తేలిక. అందుకే అతనికి అది హద్దు కాకూడదు. నా బాధ్యత తీరిపోయిందని అతడు నిద్రపోవడానికి ఆ లెక్క సాకు అవుతోంది.

ఈ మధ్య ఇంకో రకం బోధ టీవీల్లో, ఫోన్లలో వస్తోంది. విత్తన కానుక పంపండి, నూరంతలు వస్తుందని. అప్పు తెచ్చి పంపినవాళ్ళున్నారు. దాని గురించి ఎక్కువ మాట్లాడను. అది ఇచ్చే పనీ కాదు, విశ్వాసమూ కాదు, జూదం.

ఇప్పుడు అటుపక్క న్యాయం కూడా చెప్పాలి, ఎందుకంటే పాస్టరుగార్ల బాధ నాకు తెలుసు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత, ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వడం కుదరదు. పరిపాలన ఖర్చు ఇరవై శాతం దాటకూడదు. ఆ దారిన చిన్న సంఘాలకు వచ్చేది చాలావరకు ఆగిపోయింది. నన్నడిగితే అది ఎప్పుడో ఆగాల్సిందే. అజరయ్య వందేళ్ళ కిందనే చెప్పింది అదే. కానీ ఆ ఖాళీ నింపాల్సినవాళ్ళం మనం. నెహెమ్యా యెరూషలేముకు తిరిగొచ్చేసరికి లేవీయులు తమ భాగాలు అందక ఆలయం వదిలి పొలాలకు పారిపోయారు. మన దగ్గర వారమంతా ఆటో నడిపి ఆదివారం వాక్యం చెప్పే అయ్యగార్లున్నారు. పౌలు కూడా డేరాలు కుట్టాడు, నిజమే. కానీ అదే పౌలు సువార్త ప్రకటించేవాడికి దాని వల్ల జీవనం జరగాలని గట్టిగా వాదించాడు, ఫిలిప్పీవాళ్ళు పంపింది సంతోషంగా తీసుకున్నాడు. సువార్తికుడు భక్తసింగ్ గారు ఎవరినీ డబ్బు అడగకుండా, ప్రార్థన మీదనే ఆధారపడి హైదరాబాదు హెబ్రోనులో ఒక పెద్ద సహవాసాన్ని నడిపాడు. అది గొప్ప సాక్ష్యం. అయితే అడగని సేవకుడి ఇంట్లో పిల్లలు పస్తులుంటే అది సేవకుడి విశ్వాసానికి పరీక్ష కాదు, సంఘానికి సిగ్గుచేటు.

కాబట్టి ఇష్టపూర్వకంగా ఇవ్వడమంటే గుర్తొచ్చినప్పుడు ఇవ్వడం కాదు. పిడికెడు బియ్యంలో ఉన్నది రోజూ జరిగే క్రమం, ముందుగా తీసే అలవాటు. పౌలు చెప్పిందీ అదే, ముందే తీసి పెట్టుకోమని. ఒక కుటుంబం కూర్చుని, తమ ఆదాయం చూసుకుని, పదో వంతే ఇవ్వాలని దేవుని ముందు నిశ్చయించుకుంటే నేను సంతోషిస్తాను. కానీ ఆ నిశ్చయం వాళ్ళది, సంఘం వసూలు రిజిస్టరుది కాదు. ఇరవయ్యో వంతు ఇవ్వగలిగిన ఇల్లు అదే ఇచ్చి తలెత్తుకుని కూర్చోవాలి. అయిదో వంతు ఇవ్వగలిగిన ఇల్లు పదో వంతుతో ఆగకూడదు.

ఈ సభలో ఉన్న సంఘపెద్దలను నేను కొన్ని పనులు అడుగుతున్నాను. పేర్లు, మొత్తాలు రాసే బోర్డులు దించండి. వాటి స్థానంలో సంఘం జమా ఖర్చులు పెట్టండి, ప్రతి నెలా, అందరికీ చదవొచ్చేటట్టు తెలుగులో, పెద్ద అక్షరాల్లో. చదువు రానివాళ్ళ కోసం నెలకొక ఆదివారం ఆరాధన చివర గట్టిగా చదివి వినిపించండి. క్యూఆర్ కోడు అంటించిన సంఘాలు ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉందో కూడా పక్కన అంటించాలి. ఒకరి సొంత ఖాతాలోకి పోయే కానుక సంఘం కానుక కాదు. పాస్టరుగారి జీతం ఎంతో సంఘం కూర్చుని నిర్ణయించి, అది మొదట ఇచ్చి, తర్వాతనే మైకులు, టైల్స్. వచ్చిన దానిలో ఒక భాగం, ఎంతన్నది మీరే తేల్చుకోండి, ఊళ్ళో ఉన్న విధవరాళ్ళకు, తల్లిదండ్రులు లేని పిల్లలకు తీసి పెట్టండి. వాళ్ళు మన సంఘంవాళ్ళా కాదా అని అడగకండి. ద్వితీయోపదేశకాండం పరదేశిని కూడా లెక్కలో పెట్టింది.

లెక్కలు రాసిన ఆ పెద్దాయన కుటుంబం వచ్చే కోత పండుగ నుంచి ఒక పని మొదలుపెడుతోంది. ఆ రోజు వేలంలో వచ్చిన డబ్బంతా, ఈ ఏడు అప్పుల్లో పడ్డ కౌలు రైతుల పిల్లల స్కూలు ఫీజులకు పోవాలని వాళ్ళు సంఘాన్ని అడిగారు, సంఘం ఒప్పుకుంది. మిగతా సంఘాల ట్రెజరర్లు ఎవరైనా ఉంటే సభ అయ్యాక ఆగండి. ఆ ఫీజుల లెక్క ఎట్లా పెట్టాలో, రసీదులు ఎవరి పేరున ఉండాలో కూర్చుని మాట్లాడుకుందాం.